డేటాబేస్ పని ఫెయిలైతే షెల్ స్క్రిప్ట్‌కు తెలిసేదెలా? ఎస్‌క్యూఎల్‌ప్లస్ నుంచి క్రాన్ దాకా

సపోర్ట్ పనిలో చేరిన కొత్తలో నా చేతికి ఒక రాత్రి జాబ్ వచ్చింది. అర్ధరాత్రి దాటాక ఒక షెల్ స్క్రిప్ట్ నడిచి, ఆ రోజు వసూళ్ల ఫైల్‌ను ఒరాకిల్ టేబుల్‌లోకి ఎక్కించి, మాకు మెయిల్ పంపేది. ఒక సోమవారం ఉదయం అకౌంట్స్ నుంచి ఫోన్ వచ్చింది. శుక్రవారం నుంచి రిపోర్ట్‌లో కొత్త అంకెలు లేవన్నారు. మెయిల్స్ తీసి చూస్తే మూడు రాత్రులూ "జాబ్ సక్సెస్" అనే ఉంది. లాగ్ తెరిస్తే మూడు రాత్రులూ ఓరా-01653 అనే ఒరాకిల్ ఎర్రర్ ఉంది. అంటే టేబుల్ పెరగడానికి టేబుల్‌స్పేస్‌లో (టేబుళ్ల కోసం కేటాయించిన జాగాలో) చోటు లేదు.

డేటాబేస్ తన ఇబ్బందిని స్పష్టంగానే చెప్పింది. అది లాగ్ ఫైల్‌లోనే ఉండిపోయింది, స్క్రిప్ట్ దాకా రాలేదు. స్క్రిప్ట్ చూసుకున్నది ఒక్క అంకెనే, ఆ అంకె సున్నా. ఆ అంకె డేటాబేస్ నుంచి బయల్దేరి స్క్రిప్ట్‌కూ, అక్కడి నుంచి షెడ్యూలర్‌కూ (క్రాన్ లాంటి, వేళకు జాబ్‌లు నడిపే ప్రోగ్రామ్‌కు) చేరేలోపు ఎక్కడెక్కడ మారిపోతుందో, మారకుండా ఎలా కాపాడుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతాను. ఎక్కువ భాగం ఒరాకిల్‌కు కమాండ్లు ఇచ్చే పనిముట్టు ఎస్‌క్యూఎల్‌ప్లస్ గురించే ఉంటుంది, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లకు చివర్లో వేరే భాగం ఉంది.

ఒక చిన్న మాట. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి. గుర్తులు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే.

ఆ ఒక్క అంకె

యునిక్స్, లినక్స్‌లో ప్రతి ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు తనను పిలిచినవారికి ఒక అంకె ఇచ్చి పోతుంది. అదే ఎగ్జిట్ కోడ్. షెల్‌లో దాన్ని $? అని చూస్తాం. సున్నా అంటే పని అయింది, మరేదైనా అంటే కాలేదు. ఆ అంకెకు 8 బిట్ల చోటే ఉంది కాబట్టి 0 నుంచి 255 వరకే పడుతుంది. ఈ హద్దు వల్ల వచ్చే ప్రమాదం ఒకటుంది, దాని దగ్గరకు తర్వాత వస్తాను.

షెల్ తానే ఇచ్చే అంకెలు కొన్ని గుర్తుంచుకుంటే తెల్లవారుజామున ఫోన్ వచ్చినప్పుడు టెన్షన్ తగ్గుతుంది. 127 అంటే ఆ కమాండే దొరకలేదు. 126 అంటే ఫైల్ ఉంది కానీ నడిపే అనుమతి లేదు. 128 పైన ఉంటే సాధారణంగా ఎవరో సిగ్నల్ పంపి చంపారని అర్థం. 137 అయితే కిల్ -9, 143 అయితే మామూలు కిల్. వీటిలో ఏది వచ్చినా ముందు ఎస్‌క్యూఎల్‌ను తప్పుపట్టకండి.

ముందు ఈ ప్రయోగం చేయండి

అసలు లేని టేబుల్ మీద సెలెక్ట్ రాసి, కింద ఎగ్జిట్ పెట్టి, ఒక ఫైల్‌గా సేవ్ చేయండి. ఎస్‌క్యూఎల్‌ప్లస్‌తో నడిపి వెంటనే ఎకో $? కొట్టండి. స్క్రీన్ మీద ఓరా-00942 కనిపిస్తుంది. కింద మాత్రం 0 వస్తుంది.

ఇది బగ్ కాదు. ఎస్‌క్యూఎల్‌ప్లస్‌ను మనిషి ఎదురుగా కూర్చుని వాడే పనిముట్టుగా తయారుచేశారు. మనిషి ఎర్రర్ చూసుకుని తర్వాతి కమాండ్ కొడతాడు, చివరికి ఎగ్జిట్ అంటాడు, అది మర్యాదగా బయటికి వస్తుంది. దాని దృష్టిలో తన పని సరిగ్గానే జరిగింది. మనిషి స్థానంలో స్క్రిప్ట్ కూర్చుంటే, ఎర్రర్‌ను ఫెయిల్యూర్‌గా లెక్కించమని మనమే చెప్పాలి.

మొదటి మెట్టు: ఫైల్ పైన రెండు లైన్లు

వెన్‌ఎవర్ ఓఎస్‌ఎర్రర్ ఎగ్జిట్ ఫెయిల్యూర్ రోల్‌బ్యాక్
వెన్‌ఎవర్ ఎస్‌క్యూఎల్‌ఎర్రర్ ఎగ్జిట్ ఫెయిల్యూర్ రోల్‌బ్యాక్

రెండో లైన్ ఎస్‌క్యూఎల్, పీఎల్ఎస్‌క్యూఎల్ (ఒరాకిల్‌లో ప్రొసీజర్లు రాసే భాష) ఎర్రర్ల కోసం. ఏ స్టేట్‌మెంట్ ఫెయిలైనా అక్కడే ఆగి, కోడ్ 1తో బయటికి వస్తుంది. మొదటి లైన్ ఫైళ్లకు సంబంధించిన ఎర్రర్ల కోసం. లోపల ఇంకో ఫైల్‌ను పిలిచారు, అది అక్కడ లేదు అనుకోండి. మొదటి లైన్ లేకపోతే ఆ ఫైల్‌ను వదిలేసి మిగతాది నడిపేస్తుంది.

రోల్‌బ్యాక్ (చేసిన మార్పులు వెనక్కి తీసుకో) అనే మాటను దయచేసి వదిలేయకండి. అది రాయకపోతే ఎస్‌క్యూఎల్‌ప్లస్ బయటికి వచ్చేముందు కమిట్ చేస్తుంది (మార్పులను ఖాయం చేస్తుంది). అంటే అయిదు ఇన్‌సర్ట్‌లలో మూడు అయ్యి నాలుగోది ఫెయిలైతే, ఆ మూడూ టేబుల్‌లో ఉండిపోతాయి. మర్నాడు జాబ్ మళ్లీ నడిపితే అవే వరుసలు రెండోసారి పడతాయి. ఫెయిలైందని సరిగ్గా చెప్పినా డేటా చెడిపోయే పద్ధతి ఇది.

రోల్‌బ్యాక్‌కు కూడా ఒక హద్దుంది. ఒరాకిల్‌లో క్రియేట్, ఆల్టర్, ట్రంకేట్ లాంటి డీడీఎల్ స్టేట్‌మెంట్ వచ్చిన ప్రతిచోటా అంతకు ముందు చేసిన మార్పులు కమిట్ అయిపోతాయి. ఇన్‌సర్ట్‌ల మధ్యలో ట్రంకేట్ పెడితే అంతవరకు చేసినది వెనక్కి రాదు. అలాంటివన్నీ ఫైల్ మొదట్లోనే ముగించుకోండి.

రెండో మెట్టు: లాగిన్

ఎస్‌క్యూఎల్‌ప్లస్ -ఎస్ -ఎల్ /@లోడ్‌డీబీ @లోడ్.ఎస్‌క్యూఎల్ </డెవ్/నల్ >"$లాగ్" 2>&1
ఆర్‌సీ=$?

-ఎస్ పెడితే బ్యానర్, ప్రాంప్ట్ రావు, లాగ్ శుభ్రంగా ఉంటుంది. అసలు ముఖ్యమైనది -ఎల్, పెద్ద అక్షరంతో. లాగిన్‌కు ఒక్కసారే ప్రయత్నించు, కుదరకపోతే ఎర్రర్ కోడ్‌తో బయటికి రా అని దాని అర్థం. అది లేకపోతే పాస్‌వర్డ్ తప్పైనప్పుడు ఎస్‌క్యూఎల్‌ప్లస్ మళ్లీ యూజర్ పేరు అడుగుతుంది. కమాండ్లను హియర్‌డాక్‌గా (షెల్ స్క్రిప్ట్ లోపలే రాసి) ఇస్తే, మీరు రాసిన ఎస్‌క్యూఎల్ లైన్లనే యూజర్ పేరుగా, పాస్‌వర్డ్‌గా చదువుకుంటుంది. మూడు ప్రయత్నాలయ్యాక గానీ బయటికి రాదు. ఆ లాగ్ చూసినవాళ్లకు ఏం జరిగిందో ఒక పట్టాన అర్థం కాదు.

స్లాష్, అట్ గుర్తుతో రాసింది వాలెట్ (పాస్‌వర్డ్‌లు దాచుకునే ఒరాకిల్ ఫైల్) ద్వారా లాగిన్ కావడానికి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ కమాండ్ లైన్‌లో రాస్తే పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు చూపే కమాండ్) కొట్టిన ఎవరికైనా కనిపించే అవకాశం ఉంది. వాలెట్‌లో ఒక్కసారి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఇన్‌పుట్‌ను డెవ్ నల్ నుంచి ఎందుకు ఇచ్చానంటే, ఎస్‌క్యూఎల్ ఫైల్ చివర ఎగ్జిట్ రాయడం మర్చిపోతే ఎస్‌క్యూఎల్‌ప్లస్ ప్రాంప్ట్ దగ్గర కూర్చుని ఇంకేమైనా చెబుతారేమోనని ఎదురుచూస్తుంది. జాబ్ ఫెయిల్ కాదు, పాస్ కాదు, గంటల తరబడి "రన్నింగ్" అనే ఉంటుంది. డెవ్ నల్ ఇస్తే చదవడానికి ఏమీ ఉండదు కాబట్టి ముగిసిపోతుంది.

మూడో మెట్టు: ఎర్రర్ నంబర్‌నే కోడ్‌గా పంపకండి

చాలా స్క్రిప్టుల్లో ఎగ్జిట్ ఫెయిల్యూర్ బదులు ఎగ్జిట్ ఎస్‌క్యూఎల్.ఎస్‌క్యూఎల్‌కోడ్ అని కనిపిస్తుంది. ఏ ఎర్రర్ వచ్చిందో ఆ నంబరే షెల్‌కు తెలుస్తుంది కదా అనే ఉద్దేశం మంచిదే. 8 బిట్ల హద్దు గుర్తుందా? 942 అందులో పట్టదు. 256తో భాగిస్తే మిగిలే 174 మాత్రమే చేరుతుంది. 174 చూసి 942 అని ఎవరు గుర్తుపడతారు?

అంతవరకైతే సర్దుకుపోవచ్చు. ఓరా-01536 సంగతి చూడండి. ఆ యూజర్‌కు టేబుల్‌స్పేస్‌లో ఇచ్చిన కోటా అయిపోయిందని చెప్పే ఎర్రర్ అది. 1536 అంటే సరిగ్గా ఆరు 256లు, మిగిలేది సున్నా. రాత్రి జాబ్‌లకు నిజంగా తగిలే ఎర్రర్, షెల్ దాకా వచ్చేసరికి సక్సెస్ అయిపోతుంది. పట్టికలో కాలమ్‌లు వెయ్యి దాటాయని చెప్పే ఓరా-01792 కూడా అంతే, అది ఏడు 256లు.

మనం సొంతంగా రైజ్ చేసే ఎర్రర్లకూ ఇదే గతి. రైజ్ అప్లికేషన్ ఎర్రర్‌కు -20000 నుంచి -20999 వరకు నంబర్లు వాడుకోవచ్చు. వాటిలో 20224, 20480, 20736, 20992 నాలుగూ 256తో నిశ్శేషంగా భాగించబడతాయి. ఎవరో తెలియక 20480 ఎంచుకుంటే ఆ ఒక్క ఎర్రర్ ఎప్పటికీ సక్సెస్‌గానే కనిపిస్తుంది.

కాబట్టి షెల్‌కు "అయింది, కాలేదు" అన్నంతవరకే పంపండి. ఏ ఎర్రర్, ఎందుకు అనేది లాగ్‌లో పూర్తి నంబర్‌తో ఉంటుంది.

నాలుగో మెట్టు: పీఎల్ఎస్‌క్యూఎల్ లోపల ఎర్రర్‌ను మింగకండి

పైన ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ప్రొసీజర్ రాసినవాళ్లు చివర్లో ఇలా పెట్టి ఉంటే అన్నీ వృథా:

ఎక్సెప్షన్
  వెన్ అదర్స్ దెన్
    డీబీఎంఎస్_అవుట్‌పుట్.పుట్_లైన్(ఎస్‌క్యూఎల్‌ఎర్రమ్);
ఎండ్;

ఎర్రర్‌ను ప్రింట్ చేశాం కదా అనుకుంటారు. కానీ పట్టుకున్న ఎర్రర్‌ను తిరిగి పైకి పంపలేదు. ఎస్‌క్యూఎల్‌ప్లస్ దృష్టిలో ప్రొసీజర్ చక్కగా ముగిసింది. సర్వర్ అవుట్‌పుట్ ఆన్ చేయకపోతే ఆ ప్రింట్ కూడా ఎవరికీ కనిపించదు. నేను చూసిన "సక్సెస్ అయిన ఫెయిల్యూర్ల"లో ఎక్కువ వాటికి కారణం ఈ నాలుగు లైన్లే. లాగ్ టేబుల్‌లో రాసుకోండి, తప్పులేదు. రాశాక కింద రైజ్; అనే ఒక్క మాట ఉండాలి.

పాత కోడ్‌లో ఇవి ఎక్కడెక్కడ ఉన్నాయో కంపైలర్‌తోనే వెతికించవచ్చు. సెషన్‌లో పీఎల్ఎస్‌క్యూఎల్_వార్నింగ్స్‌ను 'ఎనేబుల్:ఆల్' అని పెట్టి ప్రొసీజర్లను మళ్లీ కంపైల్ చేస్తే, రైజ్ లేని వెన్ అదర్స్ ఉన్నచోట పీఎల్‌డబ్ల్యూ-06009 అనే హెచ్చరిక వస్తుంది.

కంపైల్ గురించే ఇంకొకటి. క్రియేట్ ప్రొసీజర్ కంపైల్ ఎర్రర్లతో ముగిస్తే ఎస్‌క్యూఎల్‌ప్లస్ దాన్ని వార్నింగ్‌గానే చూస్తుంది. వెన్‌ఎవర్ ఎస్‌క్యూఎల్‌ఎర్రర్ పట్టించుకోదు, కోడ్ 0 వస్తుంది. డిప్లాయ్ స్క్రిప్టులు రాసేవాళ్లు చివర్లో యూజర్_ఎర్రర్స్ వ్యూలో వరుసలున్నాయేమో చూసి, ఉంటే మనమే ఎర్రర్ రైజ్ చేయాలి.

ఐదో మెట్టు: ఎర్రర్ లేదు, పనీ కాలేదు

ఫైల్ ఖాళీగా వచ్చింది. ఇన్‌సర్ట్ నడిచింది, సున్నా వరుసలు పడ్డాయి. ఒరాకిల్‌కు ఇందులో తప్పేమీ లేదు. వ్యాపారం దృష్టిలో ఇది ఫెయిల్యూరే. దీన్ని మనమే లెక్కచూసి చెప్పాలి:

వేరియబుల్ ఆర్‌సీ నంబర్
ఎగ్జిక్ :ఆర్‌సీ := 9
బిగిన్
  లోడ్_వసూళ్లు;
  ఇఫ్ వరుసల_సంఖ్య = 0 దెన్
    :ఆర్‌సీ := 20;
  ఎల్స్
    కమిట్;
    :ఆర్‌సీ := 0;
  ఎండ్ ఇఫ్;
ఎండ్;
/
ఎగ్జిట్ :ఆర్‌సీ రోల్‌బ్యాక్

వరుసల_సంఖ్య అన్నది ఒక ఫంక్షన్ అనుకోండి, మీ టేబుల్‌ను బట్టి రాసుకోవచ్చు. నేను చూపదలచింది ఈ అమరిక. మొదటే ఆర్‌సీలో 9 పెట్టాం, అంటే ఫెయిల్ అని మొదలుపెట్టాం. అంతా బాగుందని తేలాకే, కమిట్ అయ్యాకే సున్నా చేశాం. మధ్యలో ఏ దారిలో బయటపడినా పొరపాటున సున్నా రాదు. చివరి ఎగ్జిట్‌లో రోల్‌బ్యాక్ ఉంది కాబట్టి మనం చేతులారా చేసిన కమిట్ తప్ప మరేదీ మిగలదు.

అంకెలు టీమ్ మొత్తానికి ఒకటే ఉండేలా ముందే రాసిపెట్టుకోండి. 1 అంటే సాంకేతిక వైఫల్యం, 20 అంటే డేటా రాలేదు, 30 అంటే మొత్తాలు సరిపోలలేదు, ఇలా. 1కి డీబీఏను (డేటాబేస్ అడ్మిన్‌ను) లేపాలి, 20కి ఫైల్ పంపేవాళ్లకు ఫోన్ చేయాలి. 126, ఆపైన ఉన్న అంకెలు మాత్రం వాడకండి, అవి షెల్‌వి.

పై బ్లాక్‌లో ఒంటరిగా ఉన్న స్లాష్‌ను గమనించారా? అది మర్చిపోతే బ్లాక్ నడవదు. కింద ఉన్న ఎగ్జిట్ లైన్ కూడా బ్లాక్‌లో భాగమే అనుకుని ఎస్‌క్యూఎల్‌ప్లస్ చదువుకుంటూ పోతుంది. ఇన్‌పుట్ అయిపోగానే కోడ్ 0తో నిశ్శబ్దంగా ముగుస్తుంది. ఎర్రర్ ఉండదు, లాగ్‌లోనూ ఏ ఫిర్యాదూ ఉండదు. దీనికి మందు ఏడో మెట్టులో ఉంది.

ఆరో మెట్టు: షెల్ వైపు అంకె పోగొట్టుకోకండి

ఎస్‌క్యూఎల్‌ప్లస్ సరైన అంకె ఇచ్చింది. ఇప్పుడు దాన్ని పోగొట్టేది మనమే.

$? అనేది ఇప్పుడే ముగిసిన కమాండ్‌ది మాత్రమే. ఎస్‌క్యూఎల్‌ప్లస్ కింద ఒక ఎకో రాసి ఆ తర్వాత $? చూస్తే వచ్చేది ఎకో ఫలితం. అందుకే వెంటనే ఆర్‌సీ=$? అని దాచుకోవాలి.

అవుట్‌పుట్‌ను స్క్రీన్ మీదా, లాగ్‌లోనూ చూడాలని టీ కమాండ్‌కు పైప్ చేస్తారు. పైప్ పెడితే $? చివరి కమాండ్‌ది, అంటే టీ కమాండ్‌ది. అది దాదాపు ఎప్పుడూ సున్నాయే. బ్యాష్‌లో అయితే స్క్రిప్ట్ మొదట్లో సెట్ -ఓ పైప్‌ఫెయిల్ పెట్టండి, లేదా పైప్‌స్టేటస్ అరేలో మొదటి అంకె చదవండి.

ఫంక్షన్ లోపల లోకల్ ఫలితం=$(ఎస్‌క్యూఎల్‌ప్లస్ ...) అని ఒకే లైన్‌లో రాస్తే $? లోకల్ అనే కమాండ్‌ది అవుతుంది, ఎస్‌క్యూఎల్‌ప్లస్‌ది కాదు. ముందు లోకల్ ఫలితం అని ప్రకటించి, తర్వాతి లైన్‌లో విలువ ఇవ్వండి.

సెట్ -ఈ వాడితే కమాండ్ ఫెయిలైన క్షణమే స్క్రిప్ట్ ఆగిపోతుంది. కింద రాసుకున్న ఆర్‌సీ=$? దాకా, మెయిల్ పంపే లైన్ దాకా రానే రాదు. దాన్ని తప్పించడానికి కొందరు ఇఫ్ ! ఎస్‌క్యూఎల్‌ప్లస్ ... అని రాసి లోపల $? చదువుతారు. అక్కడ వచ్చేది ఆశ్చర్యార్థకం తిరగేసిన ఫలితం, అంటే 0. నేను వాడే పద్ధతి ఇది, సెట్ -ఈ ఉన్నా లేకున్నా పనిచేస్తుంది:

ఆర్‌సీ=0
ఎస్‌క్యూఎల్‌ప్లస్ ... || ఆర్‌సీ=$?

కమాండ్ చివర & పెట్టి వెనక నడిపితే షెల్‌కు వెంటనే 0 వస్తుంది. ఆ పని అసలు ఫలితం కావాలంటే $! దాచుకుని, వెయిట్ "$పిడ్" తర్వాత $? చూడాలి. ఎస్ఎస్‌హెచ్ ద్వారా వేరే సర్వర్‌లో నడిపితే అక్కడి కోడ్ అలాగే ఇక్కడికి వస్తుంది. 255 వస్తే మాత్రం కనెక్షన్‌నే ముందు అనుమానించండి.

హియర్‌డాక్ వాడేవాళ్లు ముగింపు మాటను కోట్స్‌లో పెట్టండి: <<'ఈఓఎఫ్'. కోట్స్ లేకపోతే షెల్ లోపలి డాలర్ గుర్తులను తనవే అనుకుంటుంది. వీ$సెషన్ అని రాస్తే ఒట్టి వీ మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో డూ $$ అని రాస్తే ఆ రెండు డాలర్ల చోట షెల్ ప్రాసెస్ నంబర్ వచ్చి కూర్చుంటుంది.

ఏడో మెట్టు: సాక్ష్యం అడగండి

కోడ్ 0 వస్తే చాలదని స్లాష్ కథలో చూశాం. ఎస్‌క్యూఎల్‌ప్లస్ సొంత కమాండ్‌లో అక్షర దోషం ఉంటే ఎస్‌పీ2-0734 లాంటి ఎర్రర్ వస్తుంది. అది ఎస్‌క్యూఎల్ ఎర్రర్ కాదు కాబట్టి వెన్‌ఎవర్ దాన్నీ పట్టుకోదు.

అందుకే రెండు వైపుల నుంచి చూడాలి. ఒకటి, లాగ్‌లో లైన్ మొదట్లో ఓరా-, ఎస్‌పీ2-, పీఎల్ఎస్- ఉన్నాయేమో గ్రెప్‌తో వెతకడం. లైన్ మొదట్లో అనే షరతు ఉంచండి, లేకపోతే డేటాలో ఎక్కడో ఉన్న అక్షరాలు దొంగ అలారం మోగిస్తాయి. గ్రెప్ కోడ్‌లు మూడు: దొరికితే 0, దొరకకపోతే 1, ఫైలే తెరవలేకపోతే 2. ఇఫ్ గ్రెప్ అని మాత్రమే రాస్తే, లాగ్ ఫైల్ లేకపోయినా "ఎర్రర్లు లేవు" అనే అర్థం వస్తుంది. 1 వచ్చినప్పుడే శుభ్రంగా ఉందని నమ్మండి.

రెండోది ఇంకా గట్టిది. కమిట్ చేసే చోటే ఒక కంట్రోల్ టేబుల్‌లో ఈ రన్ నంబర్, తేదీ, ఎన్ని వరుసలు అనేవి ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయండి. తర్వాత ప్రాంప్ట్ కమాండ్‌తో లాగ్‌లో "లోడ్ పూర్తి" అని ఒక లైన్ వేయండి. షెల్‌లో కోడ్ 0 అయి ఉండాలి, గ్రెప్ 1 ఇవ్వాలి, లాగ్‌లో ఆ లైన్ ఉండాలి. మూడూ కుదిరితేనే సక్సెస్ మెయిల్. ఎర్రర్ కనిపించలేదు కాబట్టి అయిందనుకోవడం వేరు, అయిందని డేటాబేసే చెప్పడం వేరు. ఆ సోమవారం తర్వాత నేను మొదటిదాన్ని నమ్మడం మానేశాను.

ఒరాకిల్‌లోనే మిగతా పనిముట్లు

ఫైళ్లను టేబుల్‌లోకి ఎక్కించే ఎస్‌క్యూఎల్‌లోడర్ ఈ విషయంలో చాలా నయం. యునిక్స్‌లో 0 అంటే అన్నీ పడ్డాయి, 1 ఫెయిల్, 2 వార్నింగ్, 3 సిస్టమ్ స్థాయి వైఫల్యం. కొన్ని వరుసలు రిజెక్ట్ అయి బ్యాడ్ ఫైల్‌లోకి పోయినా 2 వస్తుంది. 2ను ఫెయిల్ అనాలో, హెచ్చరిక అనాలో మీ డేటాను బట్టి నిర్ణయించుకోండి. డబ్బుల లెక్కలైతే నేను ఫెయిల్ అనే అంటాను. డేటాను ఫైల్‌లోకి తీసి, మళ్లీ ఎక్కించే డేటా పంప్‌లో కొన్ని ఎర్రర్లతో పని పూర్తయితే 5 వస్తుంది. బ్యాకప్ కోసం ఎక్స్‌పీడీపీ (డేటా పంప్‌లో డేటా బయటికి తీసే కమాండ్) నడిపేవాళ్లు 5 వస్తే లాగ్ చదవకుండా వదలకూడదు.

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్

పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్ కూడా మొదట ఎస్‌క్యూఎల్‌ప్లస్ లాగే ప్రవర్తిస్తుంది. -ఎఫ్‌తో ఫైల్ ఇస్తే మధ్యలో ఎర్రర్ వచ్చినా ముందుకు సాగి 0 ఇస్తుంది. -సీతో ఒక్క స్టేట్‌మెంట్ ఇచ్చి పరీక్షించినవాళ్లకు 1 వస్తుంది కాబట్టి, ఫైల్‌కూ అంతే అనుకుని మోసపోతారు. ఇలా నడపండి:

పీఎస్‌క్యూఎల్ -ఎక్స్ -1 -వీ ఆన్_ఎర్రర్_స్టాప్=1 -ఎఫ్ లోడ్.ఎస్‌క్యూఎల్

పెద్ద అక్షరం ఎక్స్ వల్ల ఎవరి హోమ్ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్ ఫైలూ అడ్డురాదు. -1 అంటే ఫైల్ మొత్తం ఒకే ట్రాన్సాక్షన్. అప్పుడు వచ్చే కోడ్‌లు ఉపయోగకరంగా ఉంటాయి: 1 పీఎస్‌క్యూఎల్ సొంత ఇబ్బంది, ఉదాహరణకు ఫైల్ దొరకలేదు. 2 సర్వర్‌తో కనెక్షన్ పోయింది లేదా దొరకలేదు. 3 స్క్రిప్ట్‌లో ఎస్‌క్యూఎల్ ఎర్రర్. కనెక్షనే దొరక్క 2 వచ్చినప్పుడు అయిదు నిమిషాలాగి మళ్లీ ప్రయత్నించవచ్చు. 3 వస్తే ఎన్నిసార్లు నడిపినా సాధారణంగా అదే జవాబు, మనిషే చూడాలి. సున్నా వరుసల లాంటి సొంత షరతులకు డూ బ్లాక్‌లో రైజ్ ఎక్సెప్షన్ సరిపోతుంది.

మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌కు ఫైల్‌ను ఇన్‌పుట్‌గా ఇస్తే మొదటి ఎర్రర్ దగ్గరే ఆగి 1 ఇస్తుంది. ఎవరైనా --ఫోర్స్ పెట్టారేమో చూసి తీసేయండి, అది ఎర్రర్లు దాటుకుని పోతుంది. ఆటోకమిట్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది కాబట్టి, స్టార్ట్ ట్రాన్సాక్షన్ రాయకపోతే ఆగేలోపు పడిన వరుసలు ఉండిపోతాయి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎస్‌క్యూఎల్‌కమ్డ్‌కు -బీ ఇవ్వండి. అప్పుడు తీవ్రత 10 దాటిన ఎర్రర్ వస్తే ఆగి 1 ఇస్తుంది.

ఎనిమిదో మెట్టు: క్రాన్‌కు అంకెలు అక్కర్లేదు

కంట్రోల్-ఎం, ఆటోసిస్ లాంటి షెడ్యూలర్లు ఎగ్జిట్ కోడ్ చూసి తర్వాతి జాబ్‌ను ఆపుతాయి. అక్కడ స్క్రిప్ట్ చివరి లైన్ ఎగ్జిట్ "$ఆర్‌సీ" అయితే చాలు. ఆ లైన్ లేకపోతే చివర్లో ఉన్న మెయిల్ కమాండ్ ఫలితమే స్క్రిప్ట్ ఫలితం అవుతుంది. మెయిల్ వెళ్లింది కాబట్టి సక్సెస్ అని!

క్రాన్ మామూలుగా కోడ్‌ను పట్టించుకోదు. ఏదైనా ప్రింట్ అయితే దాన్ని మెయిల్ చేస్తుంది, అంతే. కాబట్టి అలర్ట్ పంపే బాధ్యత స్క్రిప్ట్‌దే. క్రాన్‌లో మీ లాగిన్ ఎన్విరాన్‌మెంట్ ఉండదు. ఒరాకిల్_హోమ్, పాత్ స్క్రిప్ట్‌లోనే పెట్టుకోకపోతే చేత్తో నడిపినప్పుడు బాగానే ఉండి రాత్రి 127 వస్తుంది.

అసలు జాబే మొదలుకాకపోతే? సర్వర్ ఆఫ్‌లో ఉంటే ఫెయిల్ మెయిల్ పంపడానికి కూడా ఎవరూ ఉండరు. అందుకే వేరే సర్వర్ నుంచి ఉదయం ఆరింటికి ఒక చిన్న జాబ్ నడిపి, కంట్రోల్ టేబుల్‌లో ఈ రోజు వరుస ఉందా అని చూడండి. లేకపోతే అదే అలర్ట్ పంపాలి.

తొమ్మిదో మెట్టు: చేతులారా చెడగొట్టి చూడండి

ఇంతవరకు రాసినదాన్ని ప్రొడక్షన్‌కు పంపేముందు టెస్ట్ డేటాబేస్‌లో ఒక మధ్యాహ్నం కేటాయించండి. ఒక్కొక్కటి చెడగొట్టి, స్క్రిప్ట్ నడిపి, కోడ్ ఎంత వచ్చిందో, మెయిల్ ఏమని వచ్చిందో, టేబుల్‌లో సగం వరుసలు ఏమైనా మిగిలాయో రాసుకోండి.

వాలెట్‌లో పాస్‌వర్డ్ తప్పు పెట్టండి. టేబుల్ పేరు మార్చండి. లోపల పిలిచే ఎస్‌క్యూఎల్ ఫైల్‌ను పక్కకు జరపండి. టెస్ట్ యూజర్ కోటా తగ్గించి పెద్ద ఫైల్ ఎక్కించండి, ఓరా-01536 వచ్చినప్పుడు కోడ్ సున్నా కాకూడదు. లోడ్ నడుస్తుండగా డీబీఏ చేత సెషన్‌ను కిల్ చేయించండి. ఎస్‌క్యూఎల్‌ప్లస్ ప్రాసెస్‌ను కిల్ -9తో చంపండి, 137 రావాలి. ఖాళీ ఫైల్ ఇవ్వండి, 20 రావాలి. ప్రొసీజర్ మధ్యలో సున్నాతో భాగించే లైన్ ఒకటి పెట్టండి. ఇక్కడ సక్సెస్ వస్తే ఎక్కడో ఒక వెన్ అదర్స్ మిగిలిపోయిందని అర్థం. లాగ్ ఫోల్డర్‌కు రాసే అనుమతి తీసేయండి.

ఆఖరున స్లాష్ తీసేసి నడపండి. కోడ్ 0 వస్తుంది, లాగ్‌లో ఓరా- ఏదీ ఉండదు, అయినా "లోడ్ పూర్తి" అనే లైన్ లేదు కాబట్టి ఫెయిల్ మెయిల్ రావాలి. ఆ మెయిల్ వచ్చాక స్లాష్ తిరిగి పెట్టి, స్క్రిప్ట్‌ను షెడ్యూల్‌లో వేయండి.